కుదుపుల చిట్టాలో లేని గడి

1వ రోజు

నిన్నటిదాకా ఈ చిట్టా తాండవకృష్ణ మాస్టారు రాసేవారు. కళ్ళు ఆనడం లేదని ఇవాళ నాకు అప్పగించారు. గదికి పెద్ద మాత్రం ఇంకా ఆయనే. ఊరు చక్రవాడ, వీధి ఏడు, గది కుదుపుల గది, రాసేది భ్రమరాంబ, వయసు ఇరవై ఆరు. ఉద్యోగం జాడీలు కుదపడం. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి, నాకే పొద్దుటి నుంచి నవ్వాగడం లేదు. చిన్నప్పుడు మజ్జిగ గ్లాసు ఊపి ఒలకబోస్తే మా అమ్మ వీపు మీద ఒక్కటి వేసేది. ఊపినందుకే ఇప్పుడు నాకు ఉద్యోగం ఇచ్చారంటే ఆవిడ ఇంకా నమ్మడం లేదు.

చిట్టా పేజీలో నాలుగు గడులు గీసి ఉన్నాయి: జాడీ, యంత్రం, వేగం, ఎంతసేపు. చివర్న కాస్త జాగా వదిలి పైన "విశేషాలు" అని రాసి ఉంది. ముప్పై ఏళ్ళ చిట్టా తిరగేశాను. విశేషాల కింద మాస్టారు ముప్పై ఏళ్ళూ "ఏమీ లేవు" అనే రాశారు. నాకు మొదటి రోజే ఒకటి దొరికింది. ముసలాయన పోయాడు.

కంగారు పడొద్దు. ముసలాయన మనిషి కాదు, పాత కుదుపు యంత్రం. ఊరు కట్టిన కొత్తలో నేల మీద జాగా చాలక దాన్ని గది కప్పుకు తలకిందులుగా బిగించేశారు. అన్ని వీధుల్లోనూ అంతే. దాని పళ్ళేనికి వేలాడే బుట్టలో జాడీ పెడితే ఇన్నేళ్ళూ కిక్కురుమనకుండా కుదిపింది. ఇవాళ పదకొండింటికి ఒక్క మూలుగు మూలిగి ఆగిపోయింది. మాస్టారు టోపీ తీసి నిలబడ్డారు.

"మోటారు మాడిపోయిందమ్మాయ్. దీని రుణం తీరింది."

"మీరు చిట్టా వదిలిన పూటే పోయింది మాస్టారూ. అలిగిందేమో," అన్నాను.

ఆయన నవ్వలేదు. ఆయన నవ్వగా చూసినవాళ్ళు మా వీధిలో లేరు.

మధ్యాహ్నం హైమ వదిన నాకు క్యారేజీ తెచ్చింది. మా అన్న నూకరాజు భార్య, ఏడో నెల. గదిలోకి వచ్చీ రాగానే కప్పు వైపు చూసింది, ఆగిపోయిన బుట్టను చూసింది, క్యారేజీ పట్టుకునే స్టూలు మీద కూలబడింది.

"నా పలక సంగతేంటి భ్రమరా?"

చక్రవాడలో పుట్టే ప్రతి బిడ్డకూ ఒక ఊపిరి పలక కావాలి. రెండు అద్దాల మధ్య నొక్కిన నారనాచు అది, ఆ నాచు పెరిగేది ఈ గదిలో కుదిపే జాడీల్లోనే. బిడ్డ వదిలిన గాలి అది పీల్చుకుని, బిడ్డకు కావలసిన గాలి వదులుతుంది. పలక గోడకెక్కితేనే ఇక్కడ కాన్పు. లేదంటే తల్లి దిగుడు ఓడెక్కి కింద అంగారకుడి మీదున్న స్థావరానికి పోవాలి. అక్కడ తల్లీబిడ్డలకే చోటు, తండ్రులకు లేదు. ఓడ ముప్పయ్యో రోజున వస్తుంది, దాని తర్వాతది రెండేళ్ళకు. అంటే మా అన్న తన బిడ్డను మొదటిసారి చూసేసరికి ఆ బిడ్డ పరిగెడుతూ ఉంటుంది. మిగతా వీధుల్లో వాళ్ళ కడుపులకు వాళ్ళ పలకలే బొటాబొటి.

"నీ పలక నా పూచీ," అన్నాను. వదిన తిను అని క్యారేజీ నా ముందు పెట్టింది గానీ, తను ఒక్క ముద్ద కూడా ముట్టలేదు.

2వ రోజు

గోదాము నుంచి నాలుగు కొత్త యంత్రాలు వచ్చాయి. నాలుగు. నాకు పండగే పండగ. పెట్టెలు విప్పుతూ గదంతా గంతులేశాను. ఒకటి సీసాను పట్టుకుని ఒళ్ళు తెలియకుండా వణికిస్తుంది, దాని పేరు పూనకం. ఒకటి మెల్లగా అటూ ఇటూ వంగుతుంది, ఊయల. ఒకటి సీసాను తలకిందులు చేసి మళ్ళీ నిలబెడుతూ ఉంటుంది, పల్టీ. ఒకటి పళ్ళేన్ని చదునుగా గుండ్రంగా తిప్పుతుంది, తిరగలి. పేర్లు నేనే పెట్టాను. మాస్టారు అభ్యంతరం చెప్పలేదు, ఒప్పుకోనూ లేదు.

నాలుగింటినీ ఒకేసారి నడిపి చూద్దామంటే కుదరదు. రెండు కుదుపులు కలిస్తే వీధిలో ప్రతి వంటింట్లోనూ గిన్నెలు మోగుతాయి. కాబట్టి ఒక్కొక్కటే. పైగా నాచు విత్తు సీసాలు ఐదే మిగిలాయి. కొత్త విత్తు కూడా ముప్పయ్యో రోజు ఓడలోనే వస్తుంది.

యంత్రాలకు పూజ చేసేముందు మాస్టారు భూతద్దం పెట్టుకుని తిరగలి వెనక మూత ఊడదీశారు.

"కింద చేసిన సరుకు. ఎడమకి తిరిగేట్టు పంపుతారు, ఎన్నిసార్లు చెప్పినా వినరు," అని తీగలు అటుదిటు మార్చారు. "ముసలాయనకీ ముప్పై ఏళ్ళ కిందట నా చేత్తోనే మార్చాను."

తర్వాత పళ్ళెం మీద కుంకుమతో కుడివైపు బాణం గీసి, దండం పెట్టారు. పల్టీకీ అదే మర్యాద.

చక్రవాడలో ఏది తిరిగినా కుడికే తిరగాలి. మా ఊరే ఒక చక్రం. అది తిరుగుతుంది కాబట్టే మా కాళ్ళు నేలకు ఆనుతాయి. అది తిరిగే వైపు నడిస్తే ప్రదక్షిణం, ఒళ్ళు బరువెక్కుతుంది. ఎదురు నడిస్తే ఒళ్ళు తేలికై తల గిర్రున తిరుగుతుంది, అది తప్పు. మా ఊళ్ళో పుణ్యం బరువు, పాపం తేలిక. నేను రోజూ పొద్దున్నే ఆరో వీధి మలుపు దాకా కాస్త పాపం చేసి వస్తాను.

3వ రోజు

ముందు పూనకం. ఎందుకంటే చూడ్డానికి అదే బాగుంది. ఇంతకన్నా కారణం చెప్పమంటే నా దగ్గర లేదు.

జాడీ అడుగున ఒక జాలీ ఉంటుంది. నారనాచు దాన్ని పట్టుకుని పైనున్న దీపం వైపు జడలు జడలుగా ఎదగాలి. ఊరికే వదిలేస్తే అడుగున పేరుకుని కుళ్ళుతుంది, కుదిపితే జడ గట్టిపడుతుంది. ఎనిమిది రోజులకు మూరెడు జడ వస్తే పలకకు చాలు. పూనకంలో రెండు గంటలకే పచ్చటి రసం వచ్చింది. తాలింపు ఒక్కటే తక్కువ.

"అది ఉప్పు కరిగించడానికమ్మాయ్, ప్రాణాన్ని పెంచడానికి కాదు," అన్నారు మాస్టారు.

"ముందే చెప్పొచ్చు కదా."

"చెప్తే వింటావా?"

వినను. అది ఆయనకీ తెలుసు. కానీ ఐదు విత్తుల్లో ఒకటి నా సరదాకి పోయింది. సాయంత్రం వదిన ఎదురుపడితే మొహం చూపించలేక ప్రదక్షిణంగా ఊరంతా చుట్టి, అందరూ పడుకున్నాక బరువుగా ఇంటికొచ్చాను.

6వ రోజు

ఊయల. మూడు రోజులు ఊపాను. నాచు హాయిగా నిద్రపోయింది. అడుగున పసుపు రంగుకి తిరిగి వాసన మొదలైంది. పాలుతాగే పిల్లలకు బాగుంటుందేమో, నాచుకు మాత్రం పనికిరాదు. చంటిబిడ్డ వచ్చాక ఈ యంత్రం మా ఇంటికి పంపుతారా అని అడిగాను. మాస్టారు చిట్టాలో వేగం రాయడం మర్చిపోయానని చూపించారు.

9వ రోజు

పల్టీ. మొదటి రోజు బాగానే ఉంది. రెండో రోజుకి నాచు జాలీని వదిలేసి నీళ్ళలో ఉండలు కట్టింది. ఇవాళ చూస్తే జాడీ నిండా నున్నటి పచ్చటి ఉండలు. వదిన వచ్చి చూసింది.

"సున్నుండలు చేస్తున్నావా ఆడపడుచూ? నా సీమంతానికా?"

ఇద్దరం నవ్వీ నవ్వీ స్టూళ్ళ మీద నుంచి పడబోయాం. తర్వాత వదిన కళ్ళు తుడుచుకుంటూ, "ఇంకెన్ని విత్తులున్నాయి?" అంది. రెండు అన్నాను. నవ్వు అక్కడితో ఆగింది.

13వ రోజు

తిరగలి, తిరగలి, తిరగలి. నా బంగారు తిరగలి. ముందే దీన్ని ఎంచుకోవాల్సింది. పెద్ద జాడీ, నిలబడి ఎదిగే సరుకు, మెత్తగా గుండ్రంగా తిరిగే నీళ్ళు కావాలి. నిమిషానికి అరవై చుట్లు. నాలుగు రోజుల్లో బెత్తెడు జడలొచ్చాయి. ఆకుపచ్చగా, నిటారుగా, దీపం వైపు. మాస్టారు భూతద్దంతో చూసి "ఊ" అన్నారు. ఆయన "ఊ" అన్నారంటే మామూలు విషయం కాదు.

పొద్దున్న ఆరో వీధి మలుపు దగ్గర ఆగలేదు. ఊరంతా ఎదురు పరిగెత్తాను. ఐదో వీధికి వచ్చేసరికి అడుగు తీస్తే బారెడు ఎగురుతున్నాను. ఎవరిదో బట్టల తీగ మీదుగా కూడా ఎగిరాను. "ఆ పిల్లకి దయ్యం పట్టిందా?" అని ఎవరో అన్నారు. పట్టింది, నాలుగు రోజులైంది.

15వ రోజు

విడిపోయింది.

నిన్న జడల చివర్లు చిట్లాయి. వేగం తగ్గించాను. ఇవాళ పొద్దున చూస్తే జడ అన్నదే లేదు, జాడీ నిండా వెంట్రుకలు. వేగం పెంచి చూశాను. ఉన్న నాలుగు పోగులూ ఊడి తేలాయి. వేళ్ళతో తీసి చూశాను. కుళ్ళలేదు, ఎండలేదు. ఆరోగ్యంగా ఉంది. కాకపోతే జడ విప్పుకుని కూర్చుంది.

ఒక్క విత్తు మిగిలింది. వదినకు నేనే వెళ్ళి చెప్పాను. వదిన మంచం మీద కూర్చుని దిగుడు ఓడకు సంచీ సర్దుతోంది. అన్న పక్కనే నిలబడి తన చొక్కా ఒకటి మడిచి ఆ సంచీలో పెడుతున్నాడు.

"నీ చొక్కా నాకెందుకు?" అంది వదిన.

"బిడ్డకి నా వాసన తెలియాలి కదా," అన్నాడు.

నేను బయటికొచ్చి గోడకు ఆనుకుని ఏడ్చాను. చిట్టాలో ఇవి రాయకూడదంటారు. విశేషాలు అన్న చోట మరి ఇంకేం రాస్తారు.

17వ రోజు

మా పక్క ఇంట్లో పేరిందేవమ్మ గారు ఉంటారు. ఎనభై రెండేళ్ళు. నేను ముడుచుకుని గుమ్మంలో కూర్చుంటే చూడలేక, "ఊరికే కూర్చోకపోతే నాలుగు వత్తులు చెయ్యి," అని పిలిచారు.

చక్రవాడలో నిప్పు నిషేధం. దీపమంటే కుందెలో చిన్న బల్బు. అయినా వత్తి వెయ్యని దీపం దీపమేనా అని ఆవిడ పంతం. పత్తి ఎక్కువ దొరకదు కాబట్టి, పాత పలకల్లో ఎండిన నారనాచు పోగులు తెచ్చి వాటితోనే వత్తులు చేస్తారు. కాలు చాపుకుని, పిక్క మీద పోగు పెట్టి, అరచేత్తో ఒక్క దొర్లు దొర్లిస్తే వత్తి తయారు.

నేను చేసిన వత్తి ఎంత దొర్లించినా విచ్చుకుపోతోంది. మూడు చేశాను, మూడూ అంతే.

"అటు కాదమ్మా. ముందుకి తోస్తే విడిపోద్ది. ఎనక్కి లాగాలి," అన్నారు.

"మీరు ఇందాక ముందుకే తోశారు కదండీ."

"అది పత్తి. ఇది నాచు. దీనిది ఎడం పురి. పుట్టుకతోనే ఎడమకి మెలితిరిగి ఉంటది. దాని దారిన పోతే బిగుసుకుంటది, ఎదురెళ్తే విప్పుకుంటది. ఆయ్, ఏంటా చూపు?"

నేను నా చేతిలో విచ్చుకున్న వత్తిని చూస్తున్నాను. తర్వాత ఏం చేశానో ఆవిడే వీధిలో అందరికీ చెబుతున్నారు కాబట్టి ఇక్కడ దాచేది లేదు. ఆవిడ రెండు బుగ్గల మీదా ముద్దులు పెట్టి, వత్తుల పళ్ళెం తన్నేసి, కుదుపుల గదికి పరిగెత్తాను. ఎదురువైపే. అదే దగ్గర దారి.

తిరగలి కుడికి తిరుగుతోంది. నాచు ఎడమకు మెలితిరుగుతుంది. నాలుగు రోజులు తన సొంత బలంతో ఎదిగింది, ఆ తర్వాత మేమే దాని జడ విప్పాం.

మాస్టారికి ఇదంతా ఒక్క గుక్కలో చెప్పాను. ఆయన పూర్తిగా విన్నారు.

"మరి ముసలాయన?" అన్నారు. "అదీ కుడికే తిరిగింది కదా. నా చేత్తో తీగలు మార్చాను, నా చేత్తో బాణం గీశాను. ముప్పై ఏళ్ళు జడలు గట్టిగా ఎలా వచ్చాయి?"

గాలి తీసిన బంతిలా కూర్చున్నాను.

18వ రోజు

ముసలాయన ఏ వైపు తిరిగాడో చూద్దామని ముప్పై ఏళ్ళ చిట్టా మళ్ళీ తిరగేశాను. జాడీ, యంత్రం, వేగం, ఎంతసేపు. ఏ వైపు అన్న గడే లేదు. ఒక్క వైపే ఉన్న ఊళ్ళో ఏ వైపని ఎవరు రాస్తారు.

పన్నెండింటికి నేల మీద వెల్లకిలా పడుకున్నాను. నడుం నొప్పి, ఇంకేం లేదు. పైన ముసలాయన పళ్ళెం కనిపిస్తోంది. దాని మీద మాస్టారు గీసిన కుంకుమ బాణం, రంగు వెలిసి, ఇంకా ఉంది. కుడికే. మాస్టారు అబద్ధం చెప్పలేదు. బాణం వెంట వేలితో గాలిలో కుడికి సున్నాలు చుడుతూ ఉన్నాను.

వదిన క్యారేజీ తెచ్చి, నా తల దగ్గర నిలబడి, పొట్ట పట్టుకుని వంగి చూసింది.

"పిచ్చిగానీ పట్టిందా? ఎడమకి చుడుతున్నావేంటి?"

"ఎడమకా? కుడికే చుడుతున్నాను."

"నాకు కనపడదా ఏంటి? ఎడమకే."

నేను చుట్టడం ఆపలేదు. కింద నుంచి చూస్తున్న నాకు కుడి. పై నుంచి చూస్తున్న వదినకు ఎడమ. వేలు ఒకటే, చుట్టూ ఒకటే.

యంత్రం తలకిందులుగా ఉంది. తన మొహం వైపు నుంచి చూసుకుంటే అది కుడికే తిరిగింది. కానీ బుట్టలో జాడీ నిలువుగానే ఉంది. పైనున్న దీపం వైపు ఎదిగే నాచుకు ఆ తిరుగుడు ఎడమ. ముప్పై ఏళ్ళూ మాస్టారు కుడికే తిప్పారు, నాచు ఎడమకే తిరిగింది. ఇద్దరికీ గొడవ లేదు. కొత్తదాన్ని బుద్ధిగా బల్ల మీద పెట్టాం చూడండి, అక్కడ వచ్చింది తంటా.

వదిన చేతులు పట్టుకుని లేచి గది మధ్యలో గిరగిరా తిరిగాను. వదిన "నన్ను తిప్పకు, నన్ను తిప్పకు" అంటూనే ఒక చుట్టు తిరిగింది. తర్వాత ఇద్దరం బల్ల పట్టుకుని నిలబడ్డాం. గది ఆగడానికి కాసేపు పట్టింది.

మాస్టారు ఒప్పుకోలేదు.

అర్థం కాక కాదు. నేను సగం చెప్పేసరికే అర్థమైంది. తిరగలి మూత దగ్గర నా చేతిలో ఉన్న స్క్రూడ్రైవరు తీసేసుకున్నారు.

"తీగలు మార్చి ఎడమకి తిప్పడం నా గదిలో జరగదమ్మాయ్. ఎడమ చుట్టు ఎప్పుడు తిరుగుతామో తెలుసా నీకు? మనిషి పోయినప్పుడు. మా నాన్నకి తిరిగాను, మా ఆవిడకి తిరిగాను. పుట్టబోయే బిడ్డ ఊపిరికి అపసవ్యం తిప్పమంటావా?"

ఇన్నాళ్ళూ ఆయనది చాదస్తం అనుకున్నాను. ఆయన ఇంట్లోవాళ్ళ మాట ఎత్తగా నేను వినడం అదే మొదటిసారి. వదిన కూడా తలొంచుకుంది. ఆవిడకీ ఆ భయం లేకపోలేదు.

అప్పుడు నేనే అన్నాను.

"తీగలు ముట్టుకోను మాస్టారూ. బాణం మార్చను. యంత్రం ప్రదక్షిణమే చేస్తుంది. దాన్ని ముసలాయన చోట వేలాడదీద్దాం, అంతే. జాగా కలిసొస్తుంది."

ఆయన కప్పు వైపు చూశారు.

"జాగా అయితే కలిసొస్తుంది," అన్నారు.

19వ రోజు

అన్న, నేను, ఇంకో ఇద్దరు కలిసి ముసలాయనను దించాం. నాలుగు బోల్టుల్లో మూడు తుప్పు. తిరగలిని తలకిందులు చేసి ఎత్తిపట్టుకుంటే, అన్న బిగించి, ముసలాయన బుట్టను దాని పళ్ళేనికి తగిలించాడు. వదిన కింద నుంచి "ఎడమ పక్క పైకి, కుడి పక్క కిందకి" అని అరుస్తుంటే ఎవరి ఎడమో ఎవరి కుడో తెలియక నలుగురం ఒకరినొకరం గుద్దుకున్నాం. ఈ గదిలో ఆ రెండు మాటలు ఇక నిషేధించాలి.

మాస్టారు స్టూలెక్కి, మెడ వెనక్కి వాల్చి, పళ్ళెం మీద కుంకుమ బాణం మళ్ళీ దిద్దారు. కుడికి. కుంకుమ ఆయన కళ్ళజోడు మీద రాలింది. ఆఖరి విత్తు ఆయన చేత్తోనే జాడీలో వేశారు. నిమిషానికి అరవై చుట్లు. మీట నేను నొక్కాను. నొక్కేముందు ఆ బాణానికి నేనూ ఒక దండం పెట్టాను, రాస్తున్నాను కాబట్టి ఒప్పుకుంటున్నాను.

ఎనిమిది రోజులకు ఇరవై ఏడు. నొక్కడానికి రెండు రోజులు. ముప్పయ్యో రోజు ఓడ.

23వ రోజు

నాలుగో రోజు. బెత్తెడు. పోయినసారీ ఇక్కడిదాకా ఇలాగే ఉంది. గంతులు వెయ్యడం లేదు. పొద్దున నడక కూడా మానేశాను. వదిన సంచీ ఇంకా గుమ్మం పక్కనే ఉంది.

24వ రోజు

విడిపోలేదు. చివర్లు చిట్లలేదు. గంట గంటకీ చూస్తుంటే మాస్టారు నన్ను గదిలోంచి గెంటేశారు. ఆ తర్వాత కిటికీలోంచి తొంగి చూస్తే, ఆయనే జాడీ దగ్గర భూతద్దంతో నిలబడి ఉన్నారు.

27వ రోజు

మూరెడు. మూరెడు మీద రెండు వేళ్ళు. పేరిందేవమ్మ గారిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి చూపించాను. ఆవిడ ఒక జడ వేళ్ళ మధ్య నలిపి చూశారు.

"వత్తికి పనికొస్తది," అన్నారు. ఇంతకన్నా పెద్ద పట్టా నాకు అక్కర్లేదు.

29వ రోజు

తనిఖీకి మూడో వీధి నుంచి ఒకావిడ వచ్చారు. పరీక్ష ఒకటే. ఒక జడకు పావు కిలో ఇనప బిళ్ళ కట్టి వేలాడదీస్తారు. వంద అంకెలు లెక్కపెట్టేలోపు జడ విప్పుకోకూడదు. గదిలో అన్న, వదిన, మాస్టారు, నేను. ఆవిడ పైకే లెక్కపెట్టారు. నలభై దగ్గర బిళ్ళ మెల్లగా తిరగడం మొదలెట్టింది. వదిన గోళ్ళు నా చేతిలో దిగాయి. అరవైకి బిళ్ళ ఆగింది. ఆగి, మళ్ళీ తన చోటికే వచ్చింది. జడ బిగుసుకుంది.

వంద అయ్యాక కూడా ఆవిడ ఇంకో ఇరవై లెక్కపెట్టారు.

"గట్టి జడ. ఏ యంత్రం వాడారు?" అని అడిగారు.

"తిరగలి," అన్నాను.

ఆవిడ ఆ పేరే రాసుకున్నారు. నేను అడ్డుచెప్పలేదు.

సాయంత్రం పలక మా ఇంటి గోడకెక్కింది. అన్న సంచీలోంచి తన చొక్కా తీసి తొడుక్కున్నాడు. మడతలు పడి ఉంది. వదిన ఇస్త్రీ చెయ్యమంటే వద్దన్నాడు.

30వ రోజు

ఓడ పదింటికి వెళ్ళిపోయింది, మా వదిన లేకుండా. కిటికీలోంచి దానికి చెయ్యి ఊపింది కూడా. చాలా సంతోషంగా ఊపింది.

గదికి వచ్చేసరికి మాస్టారు చిట్టా ముందు పెట్టుకుని స్కేలుతో నిలువుగా ఒక గీత గీస్తున్నారు. "వేగం"కీ "ఎంతసేపు"కీ మధ్య ఒక కొత్త గడి. పైన "ఏ వైపు" అని రాశారు. అక్షరాలు కాస్త వంకర, కళ్ళు ఆనవు కదా.

"యంత్రం ప్రదక్షిణమే చేసింది మాస్టారూ," అన్నాను ఆయన కోసం.

"యంత్రం సంగతి కాదమ్మాయ్. జాడీ సంగతి రాయాలి. అన్ని వీధుల్లోనూ కప్పుకి ఒక ముసలాయన వేలాడుతున్నాడు. రేపో మాపో పోతాడు. వాళ్ళూ కొత్తదాన్ని బల్ల మీద పెడతారు. నేను కుడి అని రాస్తే ఆ వీధిలో కడుపుతో ఉన్న పిల్ల ఓడెక్కాలి."

ముప్పై రోజుల పేజీలూ తిరగేసి, ఒక్కో వరుసలోనూ ఆయన చేత్తో రాసుకుంటూ వచ్చారు. పదో రోజు నుంచి పదిహేను వరకు: కుడి. పంతొమ్మిది నుంచి ఇరవై ఏడు వరకు: ఎడమ. ఆ మాట రాసేటప్పుడు కలం ఒక్క క్షణం ఆగింది, తర్వాత ఒత్తి రాశారు. కింద సంతకం చేసి, ఎనిమిది వీధులకూ నకళ్ళు పంపమన్నారు.

తర్వాత టోపీ పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు.

"ఆరో వీధి మలుపు దాకా ఎంత దూరం?"

"రోజూ వెళ్తారు కదా మాస్టారూ."

"అటు నుంచి కాదు. ఇటు నుంచి."

ఈ రోజు విశేషాలు: మాస్టారు, హైమ వదిన, నేను ఎదురు నడిచాం. వదిన కాళ్ళ వాపు తేలికైందంది. మాస్టారికి తల తిరిగింది, గోడ పట్టుకున్నారు, ఆరు పళ్ళు కనిపించేలా నవ్వారు. రేపు కూడా వస్తానన్నారు.